ఒక్కటే తీస్తాను

పోయిన వారం ఛాతీకి ఎక్స్‌రే తీయించుకున్నాను. పెద్ద జబ్బేమీ కాదు. ఏప్రిల్ వచ్చిందంటే నార్త్ కరొలినాలో మా క్యారీ ఊళ్ళో పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద పసుపు రాసినట్టు పరుచుకుంటుంది. కార్లకి పేరంటం, నాకు దగ్గు. మూడు వారాలైనా తగ్గకపోయేసరికి ఎందుకైనా మంచిదని డాక్టరు రాసిచ్చింది. ఎక్స్‌రే గదిలో ఉన్న అమెరికన్ అమ్మాయి నన్నొక పలకకి ఆనించి, భుజాలు ముందుకి తోసి, అద్దం వెనక్కి వెళ్ళి, గట్టిగా ఊపిరి పీల్చి అలాగే ఉంచమంది. ఉంచాను. ఏదో కీచుమంది.

"ఓకే, యూ కెన్ బ్రీద్."

నేను వదల్లేదు.

"సర్? యూ కెన్ బ్రీద్ నౌ. ఆర్ యూ ఓకే?"

అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు, నేను వేరే మాట కోసం ఎదురు చూస్తున్నానని. ఆ మాట తెలుగులో రావాలి. కాకినాడ గొంతుతో రావాలి. "ఆఁ, వదలండి" అని రావాలి. ఆ మాట అనే మనిషి పోయిన డిసెంబరులో పోయారు. ఇంక నా ఊపిరిని నేనే సొంత పూచీ మీద వదులుకోవాలి.

మా వీధి చివరింట్లో ఉండే శైలజ వాళ్ళమ్మగారు ఆవిడ. మాకందరికీ ఆంటీ, పిల్లలకి కెమెరా అమ్మమ్మ. కాకినాడలో ఓ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు ఎక్స్‌రేలు తీసి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చినప్పుడు రెండు పెట్టెల్లో బట్టలు, పచ్చళ్ళు తెచ్చుకుంటే, మెడలో మాత్రం ఒక కెమెరా వేలాడేసుకుని దిగారట. జపాన్‌లో చేసినది, శుద్ధ ఇనుము, అరకిలో పైమాటే. ఆస్పత్రిలో ఓ డాక్టరుగారు ఎక్కడినుంచో తెచ్చుకుని, దాన్ని వాడడం చేతగాక ఆవిడకిచ్చేశారట. అందులో అన్నీ చేత్తో తిప్పుకోవలసినవే. ఫోకస్ తిప్పాలి, వేగం తిప్పాలి, ఫోటో తీశాక మీట లాగి రీలు ముందుకి జరపాలి. లైటు కొలిచే ముల్లు చచ్చిపోయి చాలా ఏళ్ళయింది.

"ముల్లు పోతే ఎలా ఆంటీ, లైటు ఎంతుందో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను ఓసారి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. ఏది పని చెయ్యట్లేదో చెప్పడమే నా ఉద్యోగం.

ఆవిడ కుడిచెయ్యి చాచి, అరచెయ్యి వెలుగుకి తిప్పి, జాతకం చూసుకుంటున్నట్టు దాన్నే చూశారు. "అరచెయ్యి ఇలా కనిపిస్తే వేగం అరవయ్యి. ఇంకొంచెం మసగ్గా ఉంటే ముప్పయ్యి. నీకు లేవా చేతులు?"

ఉన్నాయి గాని, నా చేతుల్లో నాకెప్పుడూ ఏ వెలుగూ కనపడలేదు.

మనుషుల్ని ముప్పై ఏళ్ళు లోపలినుంచి చూశాను, ఇప్పుడు కొంచెం పైపైన చూస్తాను అనేవారు ఆవిడ. కాని ఆ లోపలి చూపు ఆవిడని వదల్లేదు. ఎవరిని పరిచయం చేసినా మొహం కన్నా ముందు భుజాలు చూసేవారు. "స్మైల్ ప్లీజ్" అన్న మాట ఆ నోట ఒక్కసారి కూడా వినలేదు. ఫోటోకి నిలబెడితే దగ్గరికొచ్చి వేలికొసలతో భుజాలు సర్ది, గడ్డం ఎత్తి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, "ఊపిరి పీల్చండి. బిగబట్టండి" అనేవారు. టక్కుమనేది. "ఆఁ, వదలండి." నవ్వమంటే పళ్ళు కనిపిస్తాయి, ఊపిరి బిగబడితే మనిషి కనిపిస్తాడు అని ఆవిడ సిద్ధాంతం. ఆవిడ తీసిన ఫోటోల్లో మేమందరం ఏదో ముఖ్యమైన విషయం చెప్పబోయి ఆగినట్టుంటాం. నాకు సంబంధించినంతవరకు ఇది చాలా పెద్ద అబద్ధం.

వచ్చిన కొత్తలో మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి ఫోటో తీయమని మా ఆవిడ అడిగింది. పన్నెండు మంది ఆడవాళ్ళు, ఇండియా నుంచి తెచ్చుకున్న నగలన్నీ దిగేసుకుని, సోఫా ముందు వరసకట్టి నిలబడ్డారు. ఆవిడ కెమెరా కంటికి పెట్టుకుని, అలవాటు కొద్దీ, "మెళ్ళో గొలుసులు, హారాలు ఏవన్నా ఉంటే తీసి పక్కన పెట్టండమ్మా" అన్నారు. పన్నెండు మందిలో ఇద్దరు నిజంగానే చేతులు మెడ వెనక్కి పెట్టారు. ఆ గొంతులో ఉన్న అధికారం అలాంటిది.

ఇంకో విశేషం, ఎంత గొప్ప సందర్భమైనా ఒక్క ఫోటోయే తీసేవారు. పెళ్ళిరోజుకి ఒకటి, పుట్టినరోజుకి ఒకటి, గృహప్రవేశానికి ఒకటి. "ఇంకోటి తియ్యండాంటీ, నేను కళ్ళు మూశానేమో" అంటే, "మూస్తే మూశావు. ఆ పూట నువ్వు కళ్ళు మూసుకున్నావన్నమాట" అనేవారు. శైలజ వాళ్ళమ్మ పుట్టినరోజుకి మంచి డిజిటల్ కెమెరా కొనిచ్చింది. వెనకాల తెర, చేతిలో పట్టేంత సైజు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "బావుందే, బొట్టు సరిచూసుకోడానికి" అని బీరువాలో పెట్టేశారు. తర్వాత నాతో అన్నారు: "వంద తియ్యాలంటే నొక్కితే చాలు. ఒక్కటే తియ్యాలంటే చూడాలి."

ఏ పార్టీలోనైనా పిల్లలు ఆవిడ కెమెరాని లాక్కుని వెనక్కి తిప్పి చూసేవారు. మనవరాలు మేఘన మరీను. "అమ్మమ్మా, పిక్చర్ ఎక్కడుంది?"

"లోపలుంది."

"ఎప్పుడొస్తుంది?"

"రీలయ్యాక."

"రీలు ఎప్పుడు అవుతుంది?"

"మీరు తియ్యదగ్గట్టుగా ఉన్నప్పుడు."

నలుపు తెలుపు రీళ్ళే వాడేవారు. వాటిని కింద లాండ్రీ గదిలో తనే కడిగేవారు. తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, బయట ఒక అట్టముక్క తగిలించేవారు: 'లోపల చీకటి ఉంది. తలుపు తియ్యవద్దు.' మేఘనకి తెలుగు చదవడం రాదు. కాని ఆ అట్ట మీది అక్షరాలు ఒక్కొక్కటీ గుర్తుపట్టి, ఆదివారం తెలుగు బడిలో పలక మీద మొదటి వాక్యంగా అదే రాసి వచ్చింది. లోపల చీకటి ఉంది అని తొమ్మిదేళ్ళ పిల్ల రాస్తే టీచరమ్మ కంగారు పడి శైలజకి ఫోన్ చేసింది.

ఒకసారి నేను ఇండియా వెళ్తుంటే, తోడుగా ఉంటానని ఆవిడని నాకు అప్పగించారు. తీరా చూస్తే నన్నే ఆవిడకి అప్పగించినట్టయింది. ఎయిర్‌పోర్టులో తనిఖీ దగ్గర అందరం బూట్లు విప్పి పళ్ళేల్లో పెడుతున్నాం. ఆవిడ బూట్లు విప్పారు, శాలువా విప్పారు, చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచి మాత్రం వదల్లేదు. అందులో పదకొండు రీళ్ళున్నాయి.

"హ్యాండ్ చెక్, ప్లీజ్" అన్నారు. ఎక్స్‌రే మెషిన్‌లో పెడితే రీలు మసకబారుతుందని ఆవిడ భయం.

యూనిఫామ్‌లో ఉన్న పెద్దమనిషి, నల్లాయన, అరవయ్యేళ్ళుంటాయి, మర్యాదగానే చెప్పాడు. "మేడమ్, దిస్ మెషిన్ ఈజ్ సేఫ్ ఫర్ ఫిల్మ్."

ఆవిడ నావైపు తిరిగారు. ఆవిడకి అర్థం కాక కాదు, సాక్షి కోసం. "ఏమంటున్నాడు?"

"సేఫేనంటున్నారాంటీ." మా వెనక లైను పెరిగిపోతోంది. నా సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు కూడా ఉంది. ఎంత తొందరగా బయటపడితే అంత మేలని నా ఆత్రం.

ఆవిడ ఆయన వైపు తిరిగి, ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు చెప్పారు. "ఐ వజ్ ఎక్స్‌రే టెక్నీషియన్. థర్టీ యియర్స్ ఐ టోల్డ్ ఆల్ పేషెంట్స్, సేఫ్, సేఫ్. ఎవ్రీ టైమ్ ఐ సెడ్ సేఫ్, ఐ వెంట్ అండ్ స్టుడ్ బిహైండ్ ది వాల్."

ఆయన ఒక్క క్షణం చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. పదకొండు రీళ్ళూ ఒక్కొక్కటిగా చేత్తో తుడిచి చూసి ఇచ్చాడు. ఆవిడ థాంక్యూ చెప్పి, పోతూ పోతూ, "యువర్ లెఫ్ట్ షోల్డర్ ఈజ్ డౌన్. చేంజ్ ది సైడ్ ఆఫ్ యువర్ బ్యాగ్" అని సలహా ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ కనిపిస్తే భుజం సంగతి అడుగుదామనుకున్నాం గాని, ఆయన కనపళ్ళేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. దాన్ని చెప్పకుండా ఆవిడ గురించి ఎంత రాసినా, నేను మళ్ళీ అప్పటిలాగే నోరు మూసుకున్నట్టు అవుతుంది.

ఏటా ఉగాదికి మా చుట్టుపక్కల తెలుగువాళ్ళం చెరువు పక్క పార్కులో షెడ్డు బుక్ చేసుకుని, ఇంటికో వంటకం తెచ్చుకుని కలుసుకుంటాం. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి ఏటా ఆ రోజు మా అందరినీ కలిపి ఒక ఫోటో తీసేవారు. ఒకటే. ప్రింటు మాత్రం పక్కనున్న రాలీ ఊళ్ళో ఒకాయన దగ్గర వేయించి, శైలజ ఇంట్లో మెట్ల పక్క గోడకి వరసగా తగిలించేవారు. మా సంసారాల చరిత్రంతా ఆ గోడ మీద ఉంది. ఎవరు టెక్సస్‌లో ప్లేనోకి వెళ్ళిపోయారో, ఎవరింట్లో కొత్తగా ఉయ్యాల వచ్చిందో, ఎవరి జుట్టు ఏ ఏడాది వలస వెళ్ళిందో ఆ మెట్లెక్కుతూ చూసుకోవచ్చు. నా జుట్టు మూడో మెట్టు దగ్గరే ఆగిపోయింది.

రెండువేల పదకొండు ఉగాది ఏడో ఫోటో. దానికి కొన్ని నెలల ముందు, శీతాకాలంలో, వాళ్ళింట్లో ఆవిడ వెలుగు చూసుకోడానికి అరచెయ్యి చాచారు. అరచెయ్యి వణుకుతోంది. నేను చూశాను. నేను చూసినట్టు ఆవిడా చూశారు.

"చలి" అన్నారు.

హీటరు డెబ్బై నాలుగు మీద, గది వెచ్చగా ఉంది. నేను "అవునాంటీ, బాగా చలి" అన్నాను.

ఆ మాటతో మా మధ్య ఒప్పందం కుదిరిపోయింది. వణుకు సంగతి శైలజకి తెలిస్తే కెమెరా బీరువాలోకి పోతుందని ఆవిడకి తెలుసు. అప్పటికే ఒక్కదానివే మెట్లు దిగొద్దు, స్టవ్ దగ్గరికి వెళ్ళొద్దు అని ఒక్కొక్కటే ఆవిడ చేతుల్లోంచి జారిపోతున్నాయి. కూతురి తప్పు కాదు. అమ్మ పడిపోతే చూడలేని కూతురు ఏం చేస్తుందో అదే చేస్తోంది.

ఉగాది రోజు మా వ్యాను వెనక్కి రమ్మని సైగ చేశారు. సంచిలోంచి కెమెరా, కొత్త రీలు తీశారు. "బాబూ, ఈ రీలు వెయ్యి."

"నేనా?"

"నువ్వే. నువ్వెవరికైనా చెప్పినా ఎవరూ పట్టించుకోరు."

నన్ను అంత సరిగ్గా అంచనా వేసినవాళ్ళు మా ఆఫీసులో కూడా లేరు.

రీలు వెయ్యడం ఎలాగో నిలబడి చెప్పారు. డబ్బీలోంచి కొంచెం బయటికి వచ్చి ఉండే ఫిల్ము కొసని ఆవిడ నాలిక అంటారు. ఆ నాలికని అవతలి ఇరుసు గాడిలో దూర్చాలి. అది కరుచుకుందో లేదో చూడాలి. మూత వేశాక మీట లాగితే, ఎడమ పక్క పైన ఉండే చిన్న పిడి దానంతటది తిరగాలి. అది తిరిగితే లోపల రీలు కదులుతున్నట్టు. దూర్చాను, మూత వేశాను, మీట లాగాను.

"పిడి తిరుగుతోందా?"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ షెడ్డులోంచి కేకేసింది, పులిహోర ట్రే దింపమని. నేను అటు చూస్తూనే "తిరుగుతోందాంటీ" అన్నాను. ఉద్యోగరీత్యా ప్రతిదీ రెండుసార్లు పరీక్షించే మనిషిని. పులిహోర పిలిస్తే ఒక్కసారి కూడా చూడలేదు.

ఆవిడ ఆ ఏడాది ఫోటో తీశారు. షెడ్డు స్తంభానికి మోచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టించి, ఒక్కటే. తర్వాత రెండు నెలల పాటు అదే రీలు మీద ఎవరెవరినో తీశారు.

మే చివర్లో మేఘన పుట్టినరోజు. కేకు కోశాక ఆవిడ ఫోటో తీసి మీట లాగారు. అంకెల కిటికీలో ముప్పై ఆరు దాటింది. మళ్ళీ లాగారు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. మీట ఎంత లాగితే అంత వస్తోంది. ఆవిడ మొహంలో రంగు మారడం చూశాను. అంతమంది మధ్య, పట్టపగలు, కెమెరా వెనక మూత తెరిచేశారు. రీలున్న కెమెరాని అలా తెరవడమంటే ఆవిడ లెక్కలో ఆపరేషను మధ్యలో కిటికీలు తియ్యడం లాంటిది. కాని చెడిపోవడానికి లోపల ఏమీ లేదు. వేసిన రీలు వేసినట్టే ఉంది. కరుచుకోని నాలిక బయటికి పెట్టుకుని మమ్మల్ని వెక్కిరిస్తోంది. రెండు నెలల ఫోటోల్లో ఒక్కటీ లేదు. ఉగాది కూడా లేదు.

"నాదే తప్పు" అన్నారు ఆవిడ, అందరికీ వినపడేలా. "నాలిక కరవలేదు. నేను చూసుకోలేదు."

కెమెరాలో నాలిక కరుచుకోలేదు గాని, నేను బాగానే నాలిక కరుచుకున్నాను. వంగి కాగితం ప్లేట్లు ఏరడం మొదలుపెట్టాను.

రవీందర్ నవ్వాడు. వరంగల్ మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. కొత్త ఫోన్ ఏది వచ్చినా మొదట అతని జేబులోకే వస్తుంది. "ఆంటీ, గింత దానికి పరేషానెందుకు? మీరొక్క ఫోటో తీసేలోపల నేను ఇరవై తీసిన. మంచిది సూసి పంపిస్త, ఫ్రేమ్ కట్టించున్రి."

"అది నేను తీసింది కాదు బాబూ."

"ఎవరు తీస్తే ఏముందమ్మా" అంది శైలజ. "మనుషులు వాళ్ళే కదా."

"మనుషులు వాళ్ళే. చూసింది నేను కాదు."

శైలజ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. నేను పక్కనే కాగితం ప్లేట్లు ఏరుతున్నాను కాబట్టి వినపడింది. "ఇంక చాలమ్మా. వయసులో ఉన్నప్పుడు సరే. ఇప్పుడు కళ్ళు, చేతులు... కెమెరా లోపల పెట్టెయ్. ప్లీజ్."

"మళ్ళీ తీస్తాను. అందరినీ పిలుస్తాను. ఒక్కటే తీస్తాను. అది చెడితే నేనే బీరువాలో పెట్టి తాళం నీ చేతికిస్తా. కుదిరితే ఇంకెప్పుడూ నాకీ మాట చెప్పకు."

మర్నాడు ఆవిడని లైబ్రరీకి డ్రైవ్ చేస్తూ కారులో అన్నాను. "ఆంటీ, రీలు వేసింది నేనని శైలజకి చెప్పేస్తాను."

"చెప్పు. నీచేత ఎందుకు వేయించానని అడుగుతుంది. అప్పుడేం చెప్తావు?"

నేను సిగ్నల్ దగ్గర అనవసరంగా చాలాసేపు ఎర్రదీపం వైపు చూశాను.

"నా తప్పు నాకుండనీ" అన్నారు. "నీకంతగా కావాలంటే వేరే తప్పు చేసుకో. నీకు కష్టం కాదు."

ఆవిడ పరువు కాపాడ్డానికి నోరు మూసుకున్నానో, నా పరువు కాపాడుకోడానికో ఇప్పటికీ నాకు తేలలేదు. రెండూ ఒకే మౌనంలో సరిపోయాయి, అదే దాని సౌకర్యం.

ఫోన్లు మొదలయ్యాయి. నలభై రెండు మంది. ఆదివారం పొద్దున పది గంటలకి, అదే పార్కు, అదే షెడ్డు. రవీందర్ కుటుంబం ఈలోగా ఉద్యోగం మారి జార్జియాలో కమ్మింగ్ వెళ్ళిపోయింది. ఏదో పెళ్ళికి జూన్ మూడో వారం ఇటు వస్తున్నారని తెలిసి, ఆవిడ ఆదివారాన్నే వాళ్ళకోసం మార్చేశారు. అది కాదు అసలు బాధ. "ఉగాది నాటి బట్టలే కట్టుకు రండి" అన్నారు.

"గట్లెట్ల ఆంటీ?" ఫోన్ స్పీకర్‌లో రవీందర్. "జూన్ల పట్టు పంచెనా? పాణం పోతది."

"నాకు కావలసింది ఉగాది ఫోటో. జూన్ ఫోటో కాదు. పోదులే, చెట్టు నీడలోనే నిలబెడతా."

వస్తారా రారా అని వారం రోజులు ఆవిడకన్నా నేనే ఎక్కువ లెక్కపెట్టాను. వాళ్ళ ఫోన్లలో ఉన్న ఫోటో కోసమే వాళ్ళు పట్టుబట్టలు కట్టుకుని ఎండలో ఎందుకు రావాలి? ఆ ఆదివారం పది గంటలకే ఎండ తొంభై మూడు డిగ్రీల ఫారన్‌హీట్. షెడ్డు దగ్గర ఆవిడా, నేనూ, మా ఆవిడా, శైలజ వాళ్ళూ, అంతే. పదీ ఇరవైకి ఒక కారు వచ్చింది. తర్వాత ఇంకో రెండు. తర్వాత వరసగా. కార్ల తలుపులు తెరుచుకుని, జరీ అంచులు, సిల్కు లాల్చీలు, చెమటలు, తిట్లు దిగాయి. పక్క షెడ్డులో హాట్‌డాగులు కాల్చుకుంటున్న అమెరికన్లు మాది ఏ పండగో అని అడిగారు. ఉగాది అని చెప్పాను. కొంచెం లేటయిందన్నాను. రవీందర్ పంచె ఎగగట్టుకుని వచ్చి, "ఏడ నిలవడాలె జెప్పున్రి, దండం పెడ్త, జల్ది" అన్నాడు.

ఎక్కడ ఎవరు నిలబడ్డారో ఆవిడకి ఒక్క ముక్క మర్చిపోకుండా గుర్తుంది. ఫోన్లో చూపిస్తామంటే వద్దన్నారు. "నువ్వు కాదు, నీ వెనక ఆయన. నీ కుడి భుజం అప్పుడు ఆవిడ వెనక ఉంది." వెనక వరసలో ఎడమ నుంచి రెండోది నా చోటు. నేను వెళ్ళి నిలబడబోయాను.

"నువ్వు ఇటు రా" అన్నారు.

ఆ రోజు ఎండకి చెట్టు కింద నీడ మరీ చిక్కగా ఉంది. ఆవిడ అరచెయ్యి చూసుకున్నారు. సెకనులో పదిహేనో వంతు సేపు కెమెరా కన్ను తెరిచి ఉంచాలి, అంతసేపు చెయ్యి రాయిలా ఉండాలి. ఎండకి షెడ్డు వదిలి చెట్టు కిందకి జరిగాం కాబట్టి, చేతి కింద పెట్టుకోడానికి అక్కడ స్తంభం లేదు. నన్ను తన ముందు, అందరివైపు మొహం పెట్టించి నిలబెట్టారు. నా కుడి భుజం మీద కెమెరా ఆనించారు.

"అయ్యో, మా ఆయన ఫోటోలో ఉండరా ఆంటీ?" అంది మా ఆవిడ.

"ఉన్న ఆరింటిలో ఏం వెలిగాడమ్మా? ఆ చోటు అలాగే వదిలెయ్యండి. ఎవరూ జరగొద్దు."

అందరూ నవ్వారు. నా భుజం మీద ఆవిడ చేతులు. అవి వణుకుతున్నాయి, జేబులో ఫోను మోగుతున్నట్టు, ఆగకుండా. నాకెదురుగా నలభై మంది కళ్ళు కెమెరా వైపు ఉన్నాయి. శైలజ కళ్ళు మాత్రం కొంచెం కిందకి, వాళ్ళమ్మ చేతుల మీద ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె నోరు తెరిస్తే అయిపోయినట్టే. ఆమె నోరు తెరవలేదు.

"ఊపిరి పీల్చండి."

నలభై మంది పీల్చారు. నేనూ పీల్చాను.

"బిగబట్టండి."

నా భుజం మీద వణుకు ఇంకా ఉంది. ఇంకా ఉంది. అప్పుడు నా చెవి వెనక ఆవిడ ఊపిరి ఆగింది. వణుకు సన్నబడి, సన్నబడి, ఒక్క క్షణం నిలిచింది. టక్కుమంది.

ఆవిడ చాలాసేపు వదలమనలేదు. పిల్లలు బుగ్గలు పూరించుకుని ఎర్రబడుతున్నారు. రవీందర్ కళ్ళు బయటికి వస్తున్నాయి. అయినా ఒక్కరూ వదల్లేదు. ముప్పై ఏళ్ళు కాకినాడలో రోగుల్ని నిలబెట్టిన ఆ గొంతు, ఆఖరికి, చాలా మెల్లిగా అంది.

"ఆఁ. వదలండి."

రీళ్ళో మిగతావి మూడు రోజుల్లో తీసేశారు, పక్షుల్ని, పోస్టు డబ్బాల్ని, నన్ను కూడా. లాండ్రీ గది బయట అట్ట తగిలింది. పదిరోజులకి ప్రింటు వచ్చింది. వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఆవిడ భూతద్దం తీసుకుని వరస వరసా చూశారు. శైలజ స్టవ్ దగ్గర నిలబడి అటే చూస్తోంది. ఎక్కడా మసక లేదు. అందరూ ఏదో చెప్పబోయి ఆగినట్టున్నారు. వెనక వరసలో ఎడమ నుంచి రెండో చోట చెరువు నీళ్ళు కనిపిస్తున్నాయి. భూతద్దం ముందు వరసలో శైలజ మొహం దగ్గరకొచ్చి ఆగింది. అందరి చూపూ నేరుగా ఉంది. ఆమె చూపు మాత్రం వేలెడు కింద ఉంది. ఎక్కడ చూస్తోందో తీసినావిడకి తెలియకుండా ఉండదు.

ఆవిడ చాలాసేపు అక్కడే చూశారు. తర్వాత భూతద్దం కింద పెట్టి, "ఫోకస్ బానే ఉంది" అన్నారు.

"బావుందమ్మా" అంది శైలజ.

అంతే.  కాని మర్నాడో ఆ మర్నాడో ఏదో పనిమీద వాళ్ళింటికి వెళ్ళి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తీస్తే, దోసెల పిండి పక్కన కొత్త రీళ్ళ డబ్బా ఉంది. ఇరవై రీళ్ళు. డబ్బా మీద శైలజ పేరు, శైలజ ఆఫీస్ అడ్రసు.

ఆ తర్వాత మూడు ఉగాదులు తీశారు. ఎవరి భుజం దగ్గరుంటే వాళ్ళది. చివరి ఏడాదికి రవీందర్‌ని కమ్మింగ్ నుంచి ప్రత్యేకంగా పిలిపించారు, వాడి భుజం వెడల్పని. తన చేతి సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నలభై రెండు మందికి తెలిసిన రహస్యాన్ని నలభై రెండు మందీ దాచిపెట్టారు. మాకు ఇంకే విషయంలోనూ అంత ఐకమత్యం లేదు.

మొన్న ఉగాదికి శైలజ ఆ కెమెరా తెచ్చింది. అందులో వాళ్ళమ్మ సగం వాడిన రీలు అలాగే ఉంది. ఆమె వయసు నలభై లోపు, చేతులకి ఏ జబ్బూ లేదు. ఎండ బాగుంది, దేనికీ ఆనించుకోవలసిన అవసరం లేదు. అందరూ వరసకట్టాక తిన్నగా నా దగ్గరికొచ్చి, "అన్నయ్యా, భుజం" అంది.

వెళ్ళి నిలబడ్డాను. మీట లాగిన చప్పుడు వినపడింది.

"పిడి తిరిగిందా, చూశావా?" అన్నాను.

"చూశాను. రెండుసార్లు." కెమెరా ఎత్తుతూ అంది. "ఆ రోజు మీరు చూడలేదని అమ్మ చెప్పింది."

భుజం మీద అరకిలో బరువు పడింది. ఆమె చేతులు నిశ్చలంగా ఉన్నాయి. ఈసారి వణికింది నేను. ఈ ఏడూ కమ్మింగ్ నుంచి వచ్చిన రవీందర్ పక్కనున్నతను ఫోన్ ఎత్తి, "నేను కూడా ఒకటి తీస్తానక్కా, సేఫ్టీకి" అన్నాడు. శైలజ వద్దంది. వాళ్ళమ్మ గొంతు కాదది. కాని అతను ఫోన్ దించేశాడు.

"ఊపిరి పీల్చండి" అంది.

ఆ ఫోటో ఎలా వచ్చిందో మాకెవరికీ తెలియదు. నా మూలంగా మసకగా వచ్చి ఉండొచ్చు. రీళ్ళో ఇంకా పదకొండున్నాయి, మేఘన వాటిని ఒక్కొక్కటే తీస్తోంది, తొందరేమీ లేదంటోంది. మెట్ల పక్క గోడకి పదకొండో మేకు కొట్టి ఉంచారు.

ఆగుతాం.